ఒక అమ్మాయి ఉంది, అత్తయ్యా

ఫిల్మ్ నగర్, హైదరాబాద్
9 సెప్టెంబర్ 2024

కౌసల్య వదినకి,

నీ ఉత్తరం ఆఫీసుకే వచ్చింది. ఇంటి అడ్రసు రాయకపోవడం మంచిదైంది. కవరు మీద ఆర్మీ పోస్టాఫీసు ముద్ర చూసి పరబ్రహ్మం గారు, "మిలిటరీలో ఎవరున్నారమ్మా మీకు?" అన్నారు. మా వదిన, మేనత్త కూతురు అన్నాను. "డాక్టరా?" అన్నారు. కాదండీ, స్టోర్స్ అన్నాను. అప్పటికి కవరు విప్పలేదు. కాబట్టి అది అబద్ధం కాదు.

విప్పి మళ్ళీ మళ్ళీ చదివాను. నాకు అర్థమైంది రాస్తాను, తప్పైతే దిద్దు. నువ్వు స్టోర్స్‌లో లేవు. ఎప్పుడూ లేవు. కిందటేడు చెన్నైలో అత్తయ్య నీ భుజాలకి నక్షత్రాలు పెట్టిన నాటి నుంచీ ఫిరంగుల దగ్గరే ఉన్నావు. ఆ పటాలాల్లోకి ఆడవాళ్ళని తీసుకోవడం మీతోనే మొదలు. ఇప్పుడు మీ ఫిరంగులు చలికాలానికి సరిహద్దు కొండ మీదికి వెళ్తున్నాయి. మంచు పడితే దారి మూసుకుపోతుంది, మళ్ళీ ఎండలొస్తే గానీ తెరవరు. మీ కర్నల్ గారు, "ఇంట్లో ఇబ్బందులుంటే చెప్పు, కింద ఆఫీసులో ఉంచుతాను" అన్నారు. అమ్మనడిగి చెప్తానన్నావు. ఆ అడిగేది నేను.

నువ్వే ఫోన్‌లో అడగొచ్చు కదా అనుకున్నాను. ఫోన్‌లో అమ్మ గొంతు వింటే అడగలేనని రాశావు. నిజమే. సినిమా తల్లులందరికీ డబ్బింగ్‌లో ఏడుపు చెప్పే గొంతది. పోనీ అత్తయ్యకే ఉత్తరం రాయమందామంటే, చేతికొచ్చిన ప్రతి కాగితాన్నీ భావంతో పైకి చదువుతుంది. మొన్న కరెంటు బిల్లు చదివితే కింద ఫ్లాటావిడ ఎవరు పోయారని పరిగెత్తుకొచ్చింది.

కానీ నాకు మాట్లాడటం రాదు వదినా. కాన్వెంట్‌లో సిస్టర్ మాకు నేర్పిన మొదటి పాఠం గొంతు పెంచకూడదని. అదొక్కటే బాగా వచ్చింది. పరబ్రహ్మం గారి దగ్గర డైలాగులు సాపు రాసే పని నాకు అందుకే నచ్చింది. అక్కడ నన్నెవరూ మాట్లాడమనరు.

ఇప్పుడు తీస్తున్న ఆయన సినిమాలో హీరోయిన్ సైనికురాలు. చివర్లో చనిపోతుంది. ఆమె తల్లికి గొంతు అత్తయ్యదే. చనిపోయే సీను తీసిన రోజు నేను సెట్‌లో ఉన్నాను. షాట్ అయ్యాక డైరెక్టర్ గారు ఆమెని లేపి, కెమెరా వైపు ఒకసారి నవ్వమన్నారు. చావు సీను చేసినవాళ్ళు నవ్వకుండా సెట్ దాటకూడదట. అత్తయ్య ఏడుపుకి కూడా అదే పద్ధతి పెట్టుకుంది. డబ్బింగ్ బూత్‌లో ఎంత ఏడ్చినా, మైకు ముందు ఒక నవ్వు నవ్వి గానీ తలుపు తియ్యదు. సౌండ్ ఇంజనీర్ నర్సింహ గారు ఆ నవ్వు కోసం చూస్తుంటారు. "నవ్విన్రా అమ్మా? ఇగ రాన్రి" అంటారు.

ఇదంతా నీకెందుకు రాస్తున్నానో తెలియదు. అసలు సంగతికి రావడానికి భయంగా ఉంది. ఫిరంగి పేలిస్తే గుండు ఎక్కడ పడుతుంది? అక్కడ ఎవరుంటారు? అత్తయ్య అడిగితే నేనేం చెప్పాలి?

తడబడుతూ,
విశాల


కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
18 సెప్టెంబర్ 2024

విశాలా,

నువ్వు అర్థం చేసుకున్నదంతా సరిగానే ఉంది. అబద్ధం కాదని నువ్వు సరిపెట్టుకున్న అబద్ధం కూడా బాగుంది. నేనూ ఏడాదిగా అలాగే సరిపెట్టుకుంటున్నాను.

నా పని పరబ్రహ్మం గారి సినిమాకి పనికిరాదు. నాకు శత్రువు కనపడడు. ముందు శిఖరం మీద ఇంకో ఆఫీసరు ఉంటాడు. వాడికి కనపడుతుంది. వాడు రేడియోలో అంకెలు చెప్తాడు. మేం లెక్క చూసుకుని ఫిరంగి మూతి తిప్పుతాం. నేను అరుస్తాను. పేలుతుంది. ఎక్కడ పడిందో మళ్ళీ వాడు చెప్తేనే నాకు తెలిసేది. ఇప్పటిదాకా సాధన మాత్రమే, అన్నీ రాళ్ళ మీదే పడ్డాయి. అక్కడ ఎవరుంటారని అడిగావు. నన్ను నేను కూడా అడుగుతుంటాను. ఇంకా జవాబు లేదు. అమ్మ అడిగితే రాళ్ళ సంగతి చెప్పు.

అరవడమంటే మామూలు అరుపు కాదు. మొదట్లో నా గొంతు గాలికి ఎగిరిపోయేది. మన సిద్దిపేట వైపు మనిషి పోచయ్య అని, నా ఫిరంగి దగ్గరే ఉంటాడు. ఒకరోజు వినీ వినీ, "మేడం, గట్ల పిలిస్తె మా ఇంట్ల పిల్లి గూడ రాదు. జర కడుపులకెల్లి ఒర్రున్రి" అన్నాడు. ఆ రోజు నుంచి కడుపులోంచే ఒర్రుతున్నాను. అమ్మకి ఏడుపు, నాకు అరుపు. మనింట్లో గొంతు తగ్గించేది నువ్వొక్కదానివే.

చెవుల్లో రబ్బరు బిరడాలు పెట్టుకుంటాం. అయినా సాయంత్రానికి లోపల ఈల మోగుతూనే ఉంటుంది.

కింద ఆఫీసులో ఉండటం తప్పు కాదు. ఎవరూ ఏమీ అనరు. కానీ నేను ఉండిపోతే, వచ్చే ఏడు వచ్చే అమ్మాయిని ఇంట్లో ఇబ్బందులున్నాయా అని కూడా అడగరు. తిన్నగా కుర్చీ చూపిస్తారు. నాకు వెళ్ళాలనుంది విశాలా. ఇంత గట్టిగా ఏదీ కావాలనుకోలేదు. అయినా అమ్మ వద్దంటే వెళ్ళను. నాన్న పోయాక అమ్మకి నేనే కదా. నేను మొండిదాన్నే గానీ అంత మొండిదాన్ని కాదు.

డొంకతిరుగుడు వద్దు. "కౌసల్య ఫిరంగులతో కొండ మీదికి వెళ్తానంటోంది, వెళ్ళనిస్తావా?" ఇంతే అడుగు. ఏమందో ఉన్నదున్నట్టు రాయి. చివరి బండ్లు నవంబర్ మొదటి వారంలో కదులుతాయి.

కౌసల్య


శ్రీనగర్ కాలనీ
29 సెప్టెంబర్ 2024, ఆదివారం

వదినా,

అడిగాను. కానీ ఎలా అడిగానో రాయాలి. లేకపోతే జవాబు నీకు తప్పుగా చేరుతుంది. నాకే తప్పుగా చేరిందేమో అని అనుమానం.

అత్తయ్య గోంగూర ఒలుస్తోంది. నేను ఎదురుగా కూర్చున్నాను. నువ్వు రాసిచ్చిన వాక్యం కంఠతా పట్టాను. "కౌసల్య" అని మొదలుపెట్టాలి. నోరు తెరిస్తే, "ఒక అమ్మాయి ఉంది, అత్తయ్యా" అని వచ్చింది.

ఈ ఇంట్లో ఆ మాటకి ఏమవుతుందో నీకు తెలుసు. ఇక్కడ కథ చెప్పే ప్రతివాళ్ళూ అలాగే మొదలుపెడతారు. అత్తయ్య కాళ్ళు చాపుకుని గోడకి ఆనుకుంది.

"ఊఁ. ఎవరి బ్యానరు?" అంది.

అప్పుడే ఆపి, సినిమా కాదు అత్తయ్యా అనాల్సింది. ఆమె కథ వినడానికి అంత సుఖంగా కూర్చున్నాక నాకు ధైర్యం పోయింది. అంతా చెప్పేశాను. ఫిరంగులు, మంచు, కర్నల్, కింద ఆఫీసు. పేరొక్కటే చెప్పలేదు.

"ఆ అమ్మాయి తల్లిని అడుగుతుంది. తల్లి ఏమంటుంది అత్తయ్యా?" అన్నాను.

"తల్లి ఎవరు వేస్తున్నారు?"

"ఇంకా అనుకోలేదు."

"ఎవరు వేసినా సరే, వద్దనాలి. ఒప్పుకునే తల్లులకి చాలామందికి డబ్బింగ్ చెప్పాన్లే. ఒక్కతీ నిజం కాదు. పిల్లని గదిలో పెట్టి గొళ్ళెం పెట్టమను. ఇంటర్వెల్ అక్కడ వెయ్యమను పరబ్రహ్మాన్ని."

"గొళ్ళెం పెడితే అమ్మాయి ఆగిపోతుంది కదా?"

"ఆగిపోతే ఇంక కథెక్కడుందే, పిచ్చిమొహమా!"

ఉన్నదున్నట్టు రాయమన్నావని రాశాను. ఇది నీకు జవాబా, కాదా? అత్తయ్య మాట్లాడింది సినిమాలో తల్లి గురించి. కానీ గొళ్ళెం అన్నప్పుడు గోంగూర ఒలవడం ఆపింది. కథ వింటూ కూడా ఆపొచ్చు. నాకు తెలియడం లేదు. నువ్వు ఆమె కూతురివి, నీకు తెలుస్తుందేమో.

మళ్ళీ అడగమంటే అడుగుతాను. అడగగలనో లేదో తెలియదు.

విశాల


కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
7 అక్టోబర్ 2024

విశాలా,

ఒప్పుకునే తల్లి నిజం కాదంది కదా. నాకది చాలు.

నీ ఉత్తరం అందాక, నిన్న ఆదివారం కింద క్యాంపు నుంచి అమ్మకి ఫోన్ చేశాను. స్పీకర్ పెట్టే ఉంటుంది కాబట్టి నువ్వూ వినుంటావు. "స్టోర్‌లో దుప్పట్లు బోలెడు ఉంటాయిగా, రెండు కప్పుకో" అంది. "జలుబు చేసిందా?" అంది. అంతా మామూలే. అదే నా భయం. అమ్మకి మామూలు కోపం వస్తే అరుస్తుంది. అసలు కోపం వస్తే మామూలుగా మాట్లాడుతుంది. స్టోర్ అనే ముందు కొంచెం ఆగినట్టనిపించింది. అమ్మ ఆగిందో, లైను ఆగిందో తేల్చుకోలేకపోయాను. నువ్వు నిజంగా కథనే చెప్పావా? కథలాగా చెప్పావా? ఆమె ఏమని విన్నది?

ఎలా విన్నా, మనసులో ఉన్నదే వచ్చింది. నేను తెలియక అడిగించుకున్నాను.

ఈ ఉదయం కర్నల్ గారికి చెప్పాను, ఇంట్లో ఒప్పుకోవడం లేదు, కింద ఉంటానని. ఆయన మర్యాదస్థులు. "అర్థమైంది" అన్నారు. అంతకంటే తిట్టినా బాగుండేది. కొంచెం ఆగి, బండ్లు కదిలేదాకా ఆ సంగతి రాసిన కాగితం పై ఆఫీసుకి పంపనన్నారు. ఎందుకన్నారో తెలియదు.

పోచయ్య బూట్లకి నూనె రాసుకుంటున్నాడు. విషయం ఎవరు చెప్పారో, లేచి నిలబడ్డాడు. "గదేంది మేడం? మొన్న మొన్ననే గద ఒర్రుడు నేర్చిన్రు" అన్నాడు.

అమ్మని ఇంక ఏమీ అడగకు.

కౌసల్య


ఫిల్మ్ నగర్
10 అక్టోబర్ 2024

వదినా,

నీ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా ఇక్కడ వింతగా ఉంది. అత్తయ్య ఆ అమ్మాయిని వదిలిపెట్టడం లేదు.

మొన్న నా జడ వేస్తూ, "ఆ పిల్లకి తోడు ఇంకో ఆడపిల్ల ఉందా అక్కడ?" అంది. ఏ పిల్ల అన్నాను. "అదే, మీ ఫిరంగుల పిల్ల." లేదన్నాను.

"స్నానం ఎక్కడ చేస్తుంది?"

"ఇంకా రాయలేదు అత్తయ్యా."

"పరబ్రహ్మం రాయడు. మగాడికి పాట రాయడం గుర్తుంటుంది, స్నానాల గది గుర్తుండదు."

నేను ఇంకా రాయలేదన్నది నీ గురించి. ఆమె ఆయన గురించి అనుకుంది. లేదా అనుకోలేదు.

తర్వాత, "అంత చప్పుడుకి చెవులేం కావాలి?" అంది. నీ ఉత్తరంలో ఉన్న ఈల సంగతి చెప్పాను. జడ సగంలో ఆగిపోయింది. నేను కదిలితే నెత్తి మీద ఒకటిచ్చి మళ్ళీ మొదలుపెట్టింది. చివర, "ఎవరినైనా చంపిందా?" అంది. ఇప్పటిదాకా రాళ్ళ మీదే పడ్డాయట అన్నాను. "అలాగే కానీ" అంది. రబ్బరు బ్యాండు గట్టిగా బిగించింది.

నిన్న ఎర్రగడ్డ రైతుబజారుకి వెళ్ళి వెల్లుల్లి తెచ్చుకుని కారప్పొడి కొట్టింది. డబ్బాలో దట్టించి, మూత మీద గుడ్డ కప్పి చుట్టూ కుట్టేసింది. ఈ ఉదయం నా చేతిలో పెట్టి, "ఆ అమ్మాయికి పంపు. చలికి నోరు చచ్చిపోతుంది" అంది.

డబ్బా ఒళ్ళో పెట్టుకుని జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ దాకా ఆటోలో ఆలోచించాను. ఆ అమ్మాయి అంటే సినిమాలో అమ్మాయి. సినిమాలో అమ్మాయికి పొడి ఎలా పంపుతారు? హీరోయిన్‌కి ఇవ్వమనా? ఆమె వెల్లుల్లి వాసన పడదంటుంది. ఒక్క క్షణం, ఇది నీకేనేమో అనిపించింది. అలా అనుకోవడం నాకు ఇష్టం కాబట్టి అనిపించిందేమో అని భయమేసింది. చివరికి కథ ఎవరిదైతే వాళ్ళకే చెందుతుందని పరబ్రహ్మం గారికి ఇచ్చేశాను.

ఆయన చాలా సంతోషించారు. "లక్ష్మీకాంతమ్మ గారికి నా మీద ఇంత అభిమానం ఉందని తెలియదమ్మా" అన్నారు. ఇడ్లీలు తెప్పించుకున్నారు. డబ్బా సగం అయిపోయింది.

నేను చేసింది తప్పా వదినా? వెంటనే రాయి.

విశాల


కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
19 అక్టోబర్ 2024

విశాలా,

నువ్వు చదివిన పుస్తకాలన్నీ ఏమయ్యాయి? ఫిల్మ్ నగర్ వెళ్ళే డబ్బాకి ఎవరైనా గుడ్డ కుడతారా? ట్రైనింగ్‌కి చెన్నై వెళ్ళేటప్పుడు నా డబ్బాలన్నిటికీ అమ్మ అలాగే కుట్టింది. అది నాది. పరబ్రహ్మం గారు తిన్నది నా పొడి.

ముందు నవ్వొచ్చింది. తర్వాత ఏమీ అర్థం కాలేదు. అంటే అమ్మకి తెలిసిపోయింది. ఎప్పటినుంచి? గొళ్ళెం అన్నప్పటికే తెలుసా? తెలిసి పొడి పంపితే ఒప్పుకున్నట్టా? లేక గొళ్ళెం పెట్టి, తలుపు కింద నుంచి పొడి తోసినట్టా? నీ రెండు ఉత్తరాలూ పక్కపక్కన పెట్టుకుని చూస్తున్నాను. ఒకటి ఆగమంటోంది, ఇంకోటి అన్నం కలుపుకోమంటోంది.

ఏమీ అడగకు అన్నాను కదా, ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. రేడియోలో అంకె సరిగా వినపడకపోతే మేం ఊహించం. మళ్ళీ చెప్పమంటాం. చెప్పేదాకా ఫిరంగి ముట్టుకోం. అలాగే మళ్ళీ అడుగు. నాకు కథ వద్దు. ఆమె నోటితో నా పేరు కావాలి. వద్దంటే వద్దని, సరే అంటే సరే అని.

స్పీడ్ పోస్ట్ చెయ్యి. బండ్లకి మంచులో జారకుండా చక్రాల గొలుసులు వచ్చేశాయి. పోచయ్య నాతో అవసరమైనంత వరకే మాట్లాడుతున్నాడు.

కౌసల్య


శ్రీనగర్ కాలనీ
26 అక్టోబర్ 2024

వదినా,

నిన్న అడిగాను. నీ పేరుతోనే అడిగాను. జవాబు వచ్చింది. అది నాకు అర్థం కాలేదు. కానీ ఈసారి అర్థం కావాల్సింది నాకు కాదట.

నిన్న జూబ్లీహిల్స్‌లో అత్తయ్య డబ్బింగ్. పరబ్రహ్మం గారు నన్నూ తీసుకెళ్ళారు. తెర మీద హీరోయిన్ శరీరం జెండా కప్పి ఉంది. తల్లి దగ్గరికొచ్చి, "నా బిడ్డని దేశానికిచ్చేశాను" అని ఏడవాలి. అత్తయ్య హెడ్‌ఫోన్స్ పెట్టుకుంది. సీను నడిచింది. ఆమె పెదవి కదపలేదు. మళ్ళీ వేశారు. మళ్ళీ అంతే.

నర్సింహ గారు మైకులో, "ఏమైందమ్మా, నీళ్ళు గావాల్నా?" అన్నారు.

అత్తయ్య అద్దంలోంచి పరబ్రహ్మం గారిని చూసి, "ఈ పిల్ల ఎందుకు చచ్చిపోయిందండీ?" అంది.

"కథండీ, లక్ష్మీకాంతమ్మ గారూ. అక్కడ జనం ఏడవాలి."

"మా విశాల చెప్పిన దాంట్లో చచ్చిపోలేదు. ఇంకా తల్లినడుగుతోంది."

ఆయన నా వైపు చూశారు. నేను నేల వైపు చూశాను.

"ఇచ్చేశాను అంటే ఏంటండీ? చీరా ఇవ్వడానికి? ఈ ముక్క నా వల్ల కాదు" అని హెడ్‌ఫోన్స్ తీసి పెట్టేసి బయటికి వచ్చేసింది. ఏడవలేదు కాబట్టి నవ్వలేదు. నర్సింహ గారికి ఏం చెయ్యాలో తోచలేదు. "అమ్మ నవ్వకుంటనే పోయింది" అని అందరికీ చెప్తున్నారు.

నేను వెనకే పరిగెత్తి ఆటో ఎక్కాను. కృష్ణానగర్ సందు దాకా వచ్చాం. అక్కడ డ్యాన్సర్ల బండ్లు అడ్డం వచ్చి ఆటో ఆగింది. ఇప్పుడు అడగకపోతే ఎప్పటికీ అడగననిపించింది.

"అత్తయ్యా, ఆ అమ్మాయి మన కౌసల్య వదిన."

డ్రైవర్ వెనక్కి తిరిగి చూశాడు. గొంతు పెంచానేమో.

అత్తయ్య నా వైపు తిరిగింది. "మరి ఆ పొడి పరబ్రహ్మానికి ఎందుకు పెట్టావే?"

ఎప్పుడు తెలిసిందని అడిగాను.

"మొదటి రోజు కథే అనుకున్నా. చెవుల్లో ఈల అన్నావు చూడు, అప్పుడు. ఏడాది నుంచి అది ఫోన్‌లో మైకుకి ఆమడ దూరంలో నిలబడ్డట్టు అరుస్తోంది. లైను బాగోలేదనుకున్నాను. దుప్పట్లు లెక్కపెట్టే పిల్లకి చెవులెందుకు మోగుతాయే?"

"మరి తెలిసినట్టు చెప్పలేదేం?"

"నువ్వు కథ అన్నావు. నేనూ కథ అన్నాను. కథ అయితే నచ్చకపోతే మార్చుకోవచ్చు కదా అని."

అప్పుడు నువ్వు రాసిచ్చిన వాక్యం పూర్తిగా అడిగాను. వెళ్ళనిస్తావా అని.

"వద్దు" అంది.

"వద్దని రాయనా?"

"రాయి. పేరు పెట్టి రాయి. కౌసల్యా, వద్దే, అని రాయి. తల్లిని, వద్దనకుండా ఎలా ఉంటాను?"

"సరే అత్తయ్యా. వదిన ఎలాగూ ఆగిపోయింది. కింద ఉంటానని కర్నల్ గారికి చెప్పేసింది."

అత్తయ్య ముఖం నేనెప్పుడూ అలా చూడలేదు. "ఎవరు చెప్పమన్నారు దాన్ని?"

"నువ్వే. గొళ్ళెం అన్నావు."

"గొళ్ళెం పెట్టడం నా పని. ఆగిపోవడం దాని పనా? నన్ను అడ్డం పెట్టుకుని కుర్చీలో కూర్చుంటుందా? నేను వద్దంటాను. అది వెళ్తుంది. ఎవరి పని వాళ్ళం చెయ్యాలి."

"నాకు అర్థం కాలేదు అత్తయ్యా."

"నీకెందుకే అర్థం కావడం? దానికి రాయి." తర్వాత డ్రైవర్ భుజం తట్టి, "వెనక్కి తిప్పు బాబూ" అంది.

మళ్ళీ బూత్‌లోకి వెళ్ళింది. నర్సింహ గారు సీను వేశారు. అత్తయ్య ఒక్క టేక్‌లో ఏడ్చింది. ఇచ్చేశాను అని అనలేదు. "వద్దన్నానే, నేను వద్దన్నానే" అంది. పరబ్రహ్మం గారు కాగితం చూసుకుని, నన్ను చూసి, కళ్ళద్దాలు తుడుచుకుని, "పెదాలకి సరిపోతే అదే ఉంచెయ్యండి" అన్నారు. సరిపోయింది.

తర్వాత నవ్వింది. ఎప్పుడూ చిన్నగా, మొక్కు తీర్చుకున్నట్టు నవ్వుతుంది. నిన్న ఆగకుండా నవ్వింది. నర్సింహ గారు రికార్డింగ్ ఆపలేదు. "ఇగ చాలమ్మా" అనలేదు.

ఉన్నదున్నట్టు రాశాను. ఇందులో అవును ఎక్కడుందో, కాదు ఎక్కడుందో నాకు చూపించడం రాదు. రాత్రి కొత్త పొడి కొట్టింది. గుడ్డ తనే కుట్టింది, పార్సిల్ మీద అడ్రసు తనే రాసింది, పోస్టాఫీసుకి తనే వెళ్తోంది. నా చేతికి ఇవ్వనంది.

విశాల


కేరాఫ్ 56 ఏ.పి.ఓ.
4 నవంబర్ 2024

విశాలా,

ఉత్తరం, డబ్బా ఒకే రోజు అందాయి. మేం రేపు ఉదయం పైకి కదులుతాం. ఇకమీద ఉత్తరం ఎప్పుడు కిందికి దిగుతుందో చెప్పలేను. ఆలస్యమైతే అమ్మని కంగారు పడనివ్వకు. నువ్వూ పడకు.

కర్నల్ గారి దగ్గరికి వెళ్ళి, "మా అమ్మని అడిగాను సార్. వద్దంది. అందుకని వెళ్తున్నాను" అన్నాను. ఆయన కలం కింద పెట్టారు. ఇంకోసారి చెప్పమన్నారు. ఇంకోసారి అదే చెప్పాను. ఆయనకి అర్థమైందని నేననుకోను. కానీ ఆ కాగితం ఇంకా ఆయన సొరుగులోనే ఉంది. తీసి నా ముందే చింపేశారు.

పోచయ్యకి అమ్మ మాట చెప్పాను. "మా అవ్వ గూడ గట్లనే అన్నది మేడం. బస్సు ఎక్కెదాంక తిట్టింది, ఎక్కినంక సద్ది మూట కిటికీలకెల్లి ఇసిరింది" అన్నాడు. పొడి వాసన చూసి, "గిది మీ ఒక్కలదేనా?" అన్నాడు. అందరిదీ అన్నాను. పరబ్రహ్మం గారి కంటే వీళ్ళు నయం, అడిగి తింటున్నారు.

అమ్మతో స్టోర్స్ అని ఎందుకన్నానో ఇప్పుడు నాకే తెలియడం లేదు. చెప్పి ఉంటే ఏడాది ముందే తిట్టేది. అంతే కదా.

పైకి వెళ్ళేముందు ఒక్కొక్కరికీ ఫొటో తీస్తారు. పూర్తి యూనిఫాంలో, టోపీ సరిచేసుకుని, మెడ నిటారుగా. అది ఆఫీసులో ఉంటుంది. ఎందుకుంటుందో ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. నా వంతు వచ్చినప్పుడు నేనూ అలాగే నిలబడ్డాను. ఫొటో తీసేవాడు కెమెరా దించుతుంటే, ఆగమన్నాను. నవ్వుతుండగా ఇంకోటి తియ్యమన్నాను. రూల్ లేదన్నాడు. పోచయ్య వెనకనుంచి, "తియ్యరాదే, మేడం కడుపులకెల్లి నవ్వుతది" అన్నాడు. అది విని నిజంగానే నవ్వొచ్చింది.

రెండోది ఈ కవర్లో పెడుతున్నాను. టోపీ పక్కకి జరిగింది, కళ్ళు మూసుకుపోయాయి. అమ్మకివ్వు. ఏమీ చెప్పకు, ఆమెకి తెలుసు. నర్సింహ గారికి కూడా ఒకసారి చూపించమను.

వెళ్ళొస్తాను.

కౌసల్య